చెల్లెలి ఖాతాలో నా పేరు

ముప్పై ఏళ్ళు అమెరికా ఆసుపత్రుల్లో నర్సుగా చేసి, అక్కడి పౌరసత్వం కూడా పుచ్చుకుని, రిటైరయ్యాక ఏలూరులో ఒక అద్దె ఫ్లాటులో దిగాను. ఇక ఎవరికీ సంజాయిషీలు చెప్పక్కర్లేదనుకున్నాను. నా బొంద! ఆ దేశపు పౌరులు ఏ ఊళ్ళో కాపురమున్నా ఏటా అక్కడ లెక్క చెప్పాల్సిందే. పెన్షను, వడ్డీ, బయటి దేశాల్లో ఉన్న బ్యాంకు ఖాతాలు, అన్నీ.

కలిదిండి దగ్గర మా చెల్లెలికి చేపల చెరువుంది. నేను తిరిగొచ్చేనాటికి మరిది పోయి ఆర్నెల్లు కూడా కాలేదు. వచ్చిన వారంలోనే చెల్లెలు నన్ను బ్యాంకుకి తీసుకెళ్ళి, "ఇక్కడ సంతకం పెట్టక్కా" అంది. పెట్టాను. మా వైపు కష్టంలో ఉన్న మనిషి ఖాతాలో తోబుట్టువు పేరు చేర్చడం మామూలే. ఎందుకని అడిగితే పరాయిదాన్ని చేసినట్టు. అందుకని నేనూ అడగలేదు.

ఆ ఏడాది లెక్కలు చూస్తూ అమెరికాలోని నా ఆడిటరు ఫోనులో ఆ ఖాతా సంగతి పట్టుకున్నాడు. ఆ డబ్బు నాది కాదు, చెల్లెలిది మొర్రో అన్నాను. ఎవరిదైనా సరే, మీ పేరుంది కాబట్టి చూపించాలి, పన్ను పడదు గాని దాస్తే జరిమానా పడుతుందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకుని, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి చెల్లెలు చెరువు గట్టు మీద నిలబడి మేత బస్తాలు దింపిస్తోంది. కూర్చోకుండానే విషయం చెప్పేశాను.

"ఖాతాలోంచి నా పేరు తీయించెయ్యవే. నామినీగా పెట్టుకో, చాలు."

చెల్లెలు తెల్లబోయింది. "నేనేం తప్పు చేశానక్కా?"

"తప్పేం లేదే తల్లీ. ఆ ఖాతా సంగతి ఏటా అమెరికాకి చెప్పాలట."

"మన చేపల డబ్బు సంగతి వాళ్ళకెందుకంట? ఇంటిగుట్టు లంకకి చేటన్నారు. చెప్పకుండా ఊరుకో. కొల్లేట్లో కొంగలెన్నున్నాయో కూడా చెప్పాలా ఏంటి?"

నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. "ఊరుకుంటే జరిమానా నా నెత్తిన పడుతుంది. పేరు తీసినంత మాత్రాన నేనెక్కడికి పోతాను? నామినీగా ఉంటానుగా."

"నామినీ అంటే నేను పోయాక పనికొచ్చే పేరక్కా," అంది. "నాకు బతికుండగా పక్కనుండే పేరు కావాలి."

అప్పుడు చెప్పింది. చెరువు పట్టుబడి అయి చేపలమ్మిన ప్రతిసారీ వాళ్ళ పెద్దబావగారు వస్తున్నారట. "ఆడదానివి, నీకెందుకమ్మా ఈ తలనొప్పి, ఆ డబ్బు నా చేతికియ్యి అంటారు. పెద్దాయన, మొహం మీద కాదనలేను. 'అక్క పేరు కూడా ఉందండీ, అక్కనడగాలండీ' అంటాను. ఇంకేం మాట్లాడకుండా వెళ్ళిపోతారు. ఆ ఒక్క మాటా లేకపోతే ఈ చెరువు నాకెన్నాళ్ళుంటుంది?"

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అని కసిరాను.

"చెబితే నువ్వూరుకుంటావా? వెళ్ళి దులిపేస్తావు. రేపు వాళ్ళ మొహాలు చూడాల్సింది నేను."

నిజమే, నేను ఊరుకునే రకం కాదు. సంతకం పెట్టి మర్చిపోయిన నా పేరుని చెల్లెలు ఇంటికి గడియలా వేసుకుని బతుకుతోంది. దాన్ని తీసెయ్యమని నేను ఎంత తేలిగ్గా అన్నాను!

"నా పేరు ఉంటుందిలే," అన్నాను చివరికి. "కానీ నేను దాచలేను. ఆ ఖాతా సంగతి వాళ్ళకి చెప్పి తీరాలి." చెల్లెలు మొహం ముడుచుకుంది. నేను వచ్చేశాక ఫోను కూడా చెయ్యలేదు.

లెక్క పంపాల్సిన గడువు దగ్గరపడ్డాక ఒక ఆదివారం తనే ఏలూరు వచ్చింది, డబ్బాలో కడిగిన బొచ్చె ముక్కలు, సంచిలో పాస్‌బుక్కు. చేపముక్కలు ఫ్రిజ్‌లో పెట్టి నేను కంప్యూటరులో ఆ ఫారం తెరిచి కూర్చున్నాను. చెల్లెలు నా వెనకాల నిలబడింది.

"ఇక్కడ ఖాళీగా ఉందేంటి?"

"ఖాతా ఎవరితో కలిసి ఉందో రాయాలి. నీ పేరు, మీ ఊరు."

"అంటే నా పేరు అమెరికా వెళ్తుందా?"

"వెళ్తుంది. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు."

చెల్లెలు చెంగుతో చేతులు తుడుచుకుని, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాయి. తప్పు పోకుండా రాయి. ఇక్కడ నీకు నేనున్నానని వాళ్ళక్కూడా తెలియాలి."

ముప్పై ఏళ్ళలో ఆ దేశానికి ఎన్ని కాగితాలు నింపిచ్చానో! అవసరానికి ఎవరిని పిలవాలి అని అడిగిన చోటల్లా డ్యూటీలో ఉన్న ఏ తోటి నర్సు పేరో రాసేదాన్ని. ఆ రోజు మా చెల్లెలి పేరు ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాను. అది పక్కన కూర్చుని తప్పులు పోకుండా చూసుకుంది.