హాజీ ఇంటి తలుపు

నైలు ఒడ్డున మా ఊళ్లో ఎవరు పోయినా శోకాలు పెట్టడానికి నఫూసా రావలసిందే. ముఖానికి నీలిమందు పూసుకుని, రెండు చేతులా చెంపలు వాయించుకుంటూ, పోయినవాడి గుణాలు పాట కట్టి ఏడుస్తుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వంత అందుకుంటారు. ఆ పాటను మధ్యలో ఆపిస్తే ఇంట్లో ఇంకో చావు తప్పదని మావాళ్ల భయం. ఎంతటి పిసినారినైనా ధర్మప్రభువును చేసి సాగనంపే గొంతు అది. మొగుడు పోయిన ఏడు, పిల్లకింత జొన్నపిండి అడుగుదామని ఆమె తన బావగారు హాజీ రద్వాన్ ఇంటి తలుపు తట్టింది. "ఇంట్లో ఎవరూ లేరని చెప్పవే" అని ఆయన పెళ్లాంతో అనడం బయటికి వినబడింది. ఆ చలికాలం పిల్ల దక్కలేదు.

మొన్న హాజీ పోయాడు. ఆయన పెళ్లాం ఖద్రా గుమ్మంలోనే నఫూసా చెయ్యి పట్టుకుంది. "పాతవి మనసులో పెట్టుకోకే చెల్లీ. పదిమందీ వచ్చారు, మీ బావగారి పరువు నీ చేతిలో ఉంది." "అయ్యో అక్కా, లేనివి పాడతానా?" అంది నఫూసా. మధ్యలో కూర్చుని ఎత్తుకుంది. "ఎంత గట్టి తలుపయ్యా నీది, బావా! ఆకలి కేకలు కూడా దూరలేదు కదయ్యా! ఎంత నిండు గాదెలయ్యా నీవి, ఎలుకలు కూడా బలిశాయి కదయ్యా!" అలవాటుకొద్దీ ఆడవాళ్లు "ఎంత గట్టి తలుపో" అని వంత పాడారు. ఖద్రా ఆపమనబోయి, కొడుకుల వంక చూసి నోరు మూసుకుంది. నఫూసా చెంపలు ఇంకా గట్టిగా వాయించుకుంది. "నా చిట్టితల్లి నీకంటే ముందే వెళ్లింది, బావా! అక్కడ నువ్వు తలుపు తడితే, లోపల ఎవరూ లేరని చెప్పమన్నాను, బావా!"