లేని బ్రేకు

మలుపు దగ్గర పాలవ్యాను వేగం తగ్గకముందే పక్క సీట్లో ఉన్న పెద్దాయన కుడికాలితో నేలను గట్టిగా తొక్కాడు. అక్కడ బ్రేకు లేదు. అరిగిన రబ్బరు చాప ఉంది, దాని మీద వానబురద ఉంది.

"మాస్టారూ, ఇది పాలబండి. మీ డ్రైవింగ్ స్కూలు కారు కాదు," అని నవ్వాడు డ్రైవరు.

అంతవరకూ పెద్దాయన అతని ముఖం సరిగా చూడనే లేదు. వానలో చెయ్యెత్తితే ఆగిన బండి ఎక్కాడంతే. ఎప్పుడో తన దగ్గర నేర్చుకున్నవాడే. గేరు మార్చినప్పుడల్లా నాలుక కొస బయటపెట్టేవాడు. ఇప్పుడూ పెడుతున్నాడు.

"నువ్వటయ్యా! ఆ నాలుక ఇంకా లోపలికి పోలేదూ?"

"మీరు కాలు తీయండి, నేను నాలుక తీస్తాను."

మాస్టారు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఒళ్లో ఉన్న గుడ్డసంచిని దగ్గరికి లాక్కున్నాడు. అందులో కొత్త కారు ఉంది. అంటే, కారు కోసం మొగుడూ పెళ్లాం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము.

ధర దిగాక కొందామని కూర్చునే మనుషులు ఏ దేశం పోయినా ఎదురుపడతారు. రేవులో పడవ కోసం కాచుకున్నవాళ్లకు కనీసం నీళ్లైనా కనిపిస్తాయి. వీళ్లకు మాత్రం ఇంట్లోంచి ఒక్కొక్కటే వెళ్లిపోవడం కనిపిస్తుంది. మాస్టారింట్లో ముందు పేపరు మానేశారు. తర్వాత పాలు సగం చేశారు. విరిగిన కళ్లద్దాల కాడకు దారం చుట్టారు. చివరికి పాత కారుకు బీమా కట్టడం కూడా ఆపేశారు. వీళ్లు పోగేసే కొద్దీ కొత్త కారు ఇంకో మెట్టు పైకెక్కి కూర్చునేది. "ఈ ఏడు వద్దులే, ధరలు మండిపోతున్నాయి, కాస్త చల్లారనీ," అనేవాడాయన.

"ముందు చల్లారేది మనమేనండీ," అనేది భార్య.

ఈలోగా పాత కారు ముసలిదైంది. నేర్పేవాడి కాలికింద ఉండే రెండో బ్రేకు మెత్తబడింది. ఈ బండికి సామాను దొరకదు, మార్చెయ్యమన్నాడు మెకానిక్. మాస్టారు బండికి బదులు కాలు మార్చాడు. ఒక క్షణం ముందే తొక్కడం అలవాటు చేసుకున్నాడు. కొన్నాళ్లకు ఇంకాస్త ముందు. నేర్చుకునేవాళ్ల కాలు బ్రేకు మీదికి పోయేలోపే బండి ఆగేది. అదంతా తమ ప్రతాపమే అనుకునేవాళ్లు వాళ్లు. వాళ్లకు ఆపడం నేర్పడం లేదన్న సంగతి ఆయనకూ తట్టలేదు.

"మా రోజుల్లో మీరు బ్రేకు జోలికే వచ్చేవారు కాదు," అంటున్నాడు డ్రైవరు. "చేతులు కట్టుకు కూర్చుని, 'గోడ వస్తోందయ్యా, దానికేం సమాధానం చెబుతావు?' అనేవారు. ఆ తిట్లే ఇప్పటికీ నా బండి ఆపుతున్నాయి. మా అమ్మాయికి కూడా మీరే నేర్పాలి."

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు.

పోయిన నెల గోడ వచ్చింది. స్టీరింగు ముందు ఉన్నది బట్టలు కుట్టే ఆవిడ. కుట్టినవి తానే ఇళ్లకు చేరవేసుకోవచ్చని నేర్చుకుంటోంది. మాస్టారు ఎప్పటిలాగే ముందే తొక్కాడు. పెడలు నేలకంటింది, బండి ఆగలేదు. ఆవిడా ఎప్పటిలాగే, బండి దానంతటది ఆగుతుందని చూస్తూ కూర్చుంది. కుడి మణికట్టు విరిగింది.

"నేనే బ్రేకు వేయలేదు మాస్టారూ, తప్పంతా నాదే," అంది ఆసుపత్రి మంచం మీద. కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. ఇప్పటిదాకా రాలేదు. ఆపరేషన్ చేస్తే తప్ప ఆ వేళ్లు కత్తెర పట్టవన్నారు డాక్టర్లు; అంత డబ్బు ఆవిడ దగ్గర లేదు. ఆవిడ ఇంట్లో కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది.

ఇవాళ గుమ్మం దగ్గర భార్య సంచి చేతికిస్తూ, "షోరూముకి పోతారో, ఆవిడ దగ్గరికి పోతారో నన్నడక్కండి. అడిగితే షోరూమనే అంటాను. కారు లేకపోతే మనం తినేదేమిటి?" అంది. గొడుగివ్వడం మర్చిపోయింది. మర్చిపోయిందో, ఇవ్వలేదో.

కూడలి వచ్చింది. ఎడమవైపు అద్దాల వెనక కొత్త కార్లు దీపాల కింద మెరుస్తున్నాయి. డ్రైవరు కుదుపు లేకుండా, గీత మీద పెట్టినట్టు వ్యాను ఆపాడు. ఈసారి మాస్టారి కాలు కదల్లేదు.

"కొత్త కారు కొంటున్నారటగా, మెకానిక్ చెప్పాడు. మంచి పని చేశారు. మరి మా అమ్మాయిని ఎప్పట్నుంచి పంపమంటారు?"

మాస్టారు తలుపు తీసుకుని దిగాడు. సంచి తడవకుండా చొక్కా లోపలికి దోపుకున్నాడు. అద్దాల వైపు ఒకసారి చూసి, రోడ్డు దాటాడు.

"మాస్టారూ! షోరూము ఇటండీ, ఇటు!"

ఆయన వెనక్కి తిరగలేదు. తల వంచుకుని, కుట్టుపని ఆవిడ ఉండే సందులోకి నడిచిపోయాడు.