బిగుసుకుపోయిన పేజీ

రెండువేల తొలి ఏళ్లలో విజయవాడలోని ఒక బ్లడ్ బ్యాంకు వాళ్ళు దాతల్ని వెతికే వెబ్ పేజీని మా ఆఫీసు చూసుకునేది. ఒక మధ్యాహ్నం నేనా బ్లడ్ బ్యాంకులో ఉండగానే పేజీ ఎక్కడ నొక్కినా కదలకుండా బిగుసుకుపోయింది. పామర్రు నుంచి వచ్చినాయన కౌంటర్ పట్టుకుని, “మా ఆవిడ ఆపరేషన్ థియేటర్లో ఉందండీ, కాస్త తొందరగా చూడండి” అన్నాడు. వెంటనే మా సీనియర్ మేడమ్‌కి ఫోన్ చేశాను.

“తెర మీంచి దాతల పేర్లు పోయినా, వాటి వివరాలు మెమరీలోనే పేరుకుపోతున్నట్టున్నాయి. ముందు కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి” అన్నారావిడ.

అది తెరుచుకునేదాకా ఆయన మొహం చూడలేకపోయాను. చివరికి దాత దొరికాడు, ఆయన భార్య బతికింది. మర్నాడు మేడమ్, తెర మీద పేరు పోగానే దాని వివరాలూ మెమరీలోంచి పోయేలా మార్చారు. అయినా మళ్ళీ బిగుసుకుపోతుందేమోనని సాయంత్రందాకా ఆ తెర ముందే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను.