ఒకటి పడితే ఇంకొకటి

మైలవరం దగ్గర గొర్రెలు కాసే రంగన్న కొడుకు ఓబులేసు. ప్రొద్దుటూరులో కంప్యూటర్ కోర్సు చేసి, నాలుగేళ్ళు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీ పట్టి, వ్యాపారాలకు కంప్యూటర్ వ్యవస్థ గీసిపెట్టే విద్య నేర్చాడు. ఏ మిషను ఎక్కడ ఉండాలి, ఏది దేనితో మాట్లాడాలి, ఎవరికి ఎంతవరకు కనబడాలి, ఇదీ ఆ విద్య. హైదరాబాదులో అయితే దీనికి ఏసీ గది, మెడలో బిళ్ళ ఇస్తారు. ఓబులేసుకు నాగమునిరెడ్డి దొరికాడు.

రెడ్డికి జమ్మలమడుగులో బండల పాలిష్ ఫ్యాక్టరీ, ప్రొద్దుటూరులో ఆఫీసు, పులివెందులలో లారీల షెడ్డు, మూడు ఊళ్ళలోనూ శత్రువులు ఉన్నారు. శత్రువుల్ని వదిలేసి మిగతా మూడింటినీ కంప్యూటర్లతో కలపమన్నాడు.

పట్నం మేనేజర్లకు ఏడాది పట్టే పాఠం రెడ్డికి ఒక పూటలో ఎక్కింది. బయటివాళ్ళు చొరబడకుండా ఫైర్‌వాల్ పెడతామంటే, గేటు దగ్గర బాంబుల సంచులతో కూర్చున్న తన మనుషుల్ని చూపించాడు. ఎవరికి ఎంత అనుమతి అంటే, అరుగు దాకా వచ్చేదెవరో నడింట్లోకి వచ్చేదెవరో వేళ్ళ మీద చెప్పాడు.

"సర్వర్ ఒక్కదాన్నే నమ్ముకోగూడదన్నా. ఒకటి పడితే ఇంకొకటి దాని పని అందుకోవాల" అన్నాడు ఓబులేసు.

"అది మా నాయన కాలం నుంచే మాకు తెల్సప్పా" అన్నాడు రెడ్డి. ఆయన బయలుదేరితే ఒకే రంగు సుమోలు రెండు చెరో దారిన పోతాయి.

ఇంత చప్పున అర్థం చేసుకునే యజమాని దొరకడం పూర్వజన్మ సుకృతమని ఓబులేసు పెండ్లాం అలివేలమ్మతో చెప్పి మురిసిపోయాడు.

ఎలక్షన్ల ముందు జమ్మలమడుగు పొలిమేరలో బాంబులు పడ్డాయి. అవతలి పార్టీ మనిషి ఒకడు చచ్చిపోయాడు. వేసినవాళ్ళలో రెడ్డి కొడుకు ఉన్నాడని ఊరంతటికీ తెలుసు. కేసులో ఎవరి పేర్లుండాలో పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకుంటే, రెడ్డి కొడుకు పేరు తీసేసరికి ఒక పేరు తక్కువపడింది. రెడ్డి ఓబులేసును పిలిపించాడు.

"నువ్వే చెప్తివి గదప్పా, ఒకటి పడితే ఇంకొకటి అందుకోవాలని. మావోనికి టికెట్టు రావల్ల. వాని బదులు నువ్వు నిలబడు. మూన్నెళ్ళల్లో బెయిలు తెప్పిస్తా."

"అన్నా, ఆ పొద్దు నేను పులివెందుల షెడ్డులో ఉంటి. సర్వర్ మీద పనిచేసినట్టు టైముతో సహా మిషన్లో ఉంది."

"ఉంటే తీసెయ్."

అలివేలమ్మ కడుపుతో ఉందన్నాడు ఓబులేసు. హత్య కేసు పడితే ఇంక ఏ కంపెనీ తనను గడప తొక్కనీయదన్నాడు. రెడ్డి ఓపికగా అంతా విని, రంగన్న గొర్రెలు ఎవరి బీళ్ళలో మేస్తాండాయని అడిగాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని కాపరి కొడుక్కు ఒకరు చెప్పాలా! తను ఏ పాపం ఎరగడనడానికి ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని రెండు సర్వర్లలోనూ వెతికి, తన చేతులతోనే చెరిపేశాడు. ఒక్క ముక్క మిగలకుండా చెరిపాడు. ఎంతైనా చదువుకున్నవాడు.

మూన్నెళ్ళ బెయిలు పదకొండు నెలలైనా రాలేదు. అలివేలమ్మ బిడ్డను చంకనేసుకుని జైలుకు వచ్చింది. మూడు ఊళ్ళ కంప్యూటర్లు ఎట్లా నడుస్తున్నాయని ఓబులేసు ఆత్రంగా అడిగాడు. తను లేకుంటే అంతా కుప్పకూలుతుందని, అప్పుడు రెడ్డే పరుగెత్తుకొచ్చి విడిపించుకుంటాడని అతని ఆశ.

"నీ తావున ఇంగొకాయప్పను పెట్టుకున్న్యారు" అంది అలివేలమ్మ. "నువ్వు అన్నీ అంత బాగా రాసిపెట్టి పోయినావంట, ఒక్క గంట గూడా పని ఆగలేదంట. రెడ్డి నిన్ను శానా మెచ్చుకుంటాండాడు."

ఓబులేసు ముఖం వెలిగింది. నిజంగానే వెలిగింది. మంచి పనివాడి పని అట్లాగే ఉండాలి మరి. అంతలోనే తను దేనికి సంతోషపడుతున్నాడో అర్థమై, ఇంకా పేరు పెట్టని బిడ్డ ముందు ఊచలకు తల ఆనించి ఏడ్చాడు.