నాగలోకం భాష

తొంభైల మొదట్లో మండపేటలో ఉండగా ఒక వారపత్రికకు జానపద సీరియల్ రాశాను. మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునే నేను మాంత్రికుల కథ రాయడమేమిటని మిత్రులు ఎగతాళి చేశారు. కథను కథగా చదవడం నేర్పడం కూడా హేతువాదమేనని వాదించాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను, కొంచెం తగ్గి.

ఆ కథలో నాగలోకం వాళ్ళు తెలుగు మాట్లాడుతుంటే నాకే నవ్వొచ్చింది. వాళ్ళకొక భాష కట్టాను. రైసు మిల్లు పక్క గదిలో కూర్చుని, వినబడే చప్పుళ్ళలోంచి మాటలు ఏరుకునేవాణ్ణి. జల్లెడ ఊగే చప్పుడు వాళ్ళకు నది అయింది. బెల్టు జారిన చప్పుడు కోపమైంది. మాటలతో నోటుబుక్కు నిండిపోయింది. అంత సంతోషంగా మళ్ళీ ఏ పనీ చేయలేదు.

మా వదినకు ఆ మాటలన్నీ నాకంటే బాగా గుర్తుండేవి. "ఏంటయ్యా మరిదీ, పోయిన వారం వీళ్ళు నిప్పుని వేరేలా అన్నారు. వారానికో భాషా?" అని నిలదీసేది.

ఒక వారం నాగవైద్యుడి చేత ఆ భాషలోనే విషం దించే మంత్రం చదివించాను. ఆ ఆదివారం పొద్దున్నే పక్కింటి పిన్నిగారి కూతుర్ని, ఎనిమిదేళ్ళ పిల్లని, పిడకల దగ్గర తేలు కుట్టింది. ఏడుపు విని వెళ్ళేసరికి పిన్నిగారు పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పత్రిక చూస్తూ నా మంత్రం చదువుతున్నారు. పిల్లకి ఒకటే చెమటలు, వాంతులు.

"పిన్నిగారూ, అది నేను కల్పించిందండి! మిల్లు చప్పుడండి అది! ముందు ఆస్పత్రికి పదండి!"

"నువ్వే రాశావు బాబూ, కాదన్లేదు. నీచేత రాయించిందెవరో నీకేం తెలుసు?"

నేను ఉపన్యాసం అందుకోబోయాను. నా వెనకే వచ్చిన వదిన నన్ను పక్కకి నెట్టింది.

"మా మరిది మతిమరుపు మీకు తెలీందేముందండి? మంత్రం సగమే అచ్చయింది. మిగతా సగం వచ్చే వారం. అందాకా డాక్టరుగారి ఇంజెక్షన్ పడకపోతే ఈ సగం పన్జెయ్యదంట. లేవండి, లేవండి."

పిన్నిగారు లేచారు. రిక్షాలో పిల్లని నేనే ఒళ్ళో పెట్టుకున్నాను. సాయంత్రానికి తేరుకుంది.

మర్నాడు పిన్నిగారు కాగితం, పెన్ను పట్టుకుని మిగతా సగం కోసం వచ్చారు. మిగతా సగం లేదన్నాను, మొదటి సగమూ ఉత్తిదేనన్నాను. "అందరికీ చెప్పకూడదులే," అని గౌరవంగా తలూపి వెళ్ళిపోయారు.

ఇంకో ఊళ్ళో ఇంకో పిల్లని తేలు కుడితే అక్కడ మా వదిన ఉండదు. ఆ వారం నుంచి నాగలోకంలో అందరూ తెలుగే మాట్లాడారు. ఎందుకని ఒక్క పాఠకుడూ అడగలేదు.