స్తుతి మోకాలు

జయకుమారి పీఈటీగా చేరేనాటికి మిర్చి పండించే ఆ ఊరి హైస్కూల్లో ఆడపిల్లలకు టెన్నికాయిట్ తప్ప మరో ఆట లేదు. పోటీలకు మగపిల్లలే వెళ్ళేవారు. ఆడపిల్లల కబడ్డీ జట్టు కడతానంటే హెడ్మాస్టరు త్యాగరాజు గారు కంగారుపడ్డారు.

"ఆడపిల్లలు మట్టిలో పడి కుమ్ముకుంటుంటే ఊరుకుంటారామ్మా?"

"మిరపతోటల్లో పొద్దస్తమానం వంగి కాయలు కోస్తుంటే ఊరుకుంటున్నారుగా సార్!"

తల్లిదండ్రులు కోతల నుంచి వచ్చేదాకా గుమ్మాల ముందు నిలబడి, ఒక్కొక్కరినీ ఒప్పించి, ఏడుగురిని పోగుచేసింది. పన్నెండేళ్ళలో నలుగురు రాష్ట్రస్థాయిలో ఆడారు. ఇద్దరు కానిస్టేబుళ్ళయ్యారు. ఆమెను చూసి చుట్టుపక్కల బళ్ళు కూడా జట్లు కట్టాయి.

అందరిలోకీ స్తుతి వేరు. తొమ్మిదో తరగతి. కూతకు వెళ్తే ఒట్టి చేతులతో వచ్చేది కాదు.

నిరుడు చీరాలలో సెమీఫైనల్. మొదటి సగంలోనే స్తుతి కుంటుకుంటూ వచ్చింది.

"మేడమ్, మోకాల్లో టక్కుమంది."

జయకుమారి స్ప్రే కొట్టి కట్టు బిగించింది. రెండే పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఈ జట్టు ఫైనల్ దాకా ఎప్పుడూ పోలేదు.

"ఒక్క కూత పెట్టి రామ్మా" అంది.

స్తుతి ఆమె ముఖంలోకి చూసి, లేచి వెళ్ళింది. అవతలివాళ్ళు మడమ దొరకబుచ్చుకుని లాగారు. పిల్ల పెట్టిన కేక మైదానమంతా వినిపించింది.

బ్రాడీపేట డాక్టరు స్కానింగు చూసి పెదవి విరిచాడు. "మొదట మెలికపడ్డప్పుడే ఆపితే కుదుటపడేదేమో. ఇప్పుడు లిగమెంటు పూర్తిగా తెగింది. ఆటల మాట మర్చిపోండి."

తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళింది జయకుమారి. స్తుతి తల్లి సలోమి కల్లంలో మిరపకాయల రాశి ముందు కూర్చుని ఉంది.

"తప్పు నాదేనమ్మా. దెబ్బ తగిలిందని తెలిసే పంపాను."

సలోమి చేతులు ఆగలేదు. "పోనీలెండి మేడమ్. నడవలేకపోతే కూర్చుని తొడిమలు తీసుకుంటది. మేమందరం చేసేది అదేగా."

పక్కనే గోనెపట్టా మీద కాలు చాపుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని స్తుతి అప్పటికే తొడిమలు తీస్తోంది.

"నా మీద కోపంగా ఉందా తల్లీ?"

"లేదు మేడమ్. మీరు వెళ్ళమన్నారు, వెళ్ళాను."



తర్వాత తల్లిదండ్రులు ఒకరి వెనక ఒకరు పిల్లల్ని ఆట మాన్పించారు. ఐదుగురు మిగిలారు. ఈ ఏడాది పోటీలకు పేర్లు పంపే గడువు వచ్చింది. కొత్త హెడ్మిస్ట్రెస్ రాగసుధ, "మీరొచ్చి అడిగితే కాదంటారా మేడమ్? ఇంకో ఇద్దరేగా" అంది.

జయకుమారి బజారు మొగదాకా వెళ్ళింది. ఎవరి గుమ్మం ముందూ నిలబడే ధైర్యం చాలక వెనక్కి వచ్చేసింది. గడువు దాటిపోయింది.

అయినా సాయంత్రాలు ఆ ఐదుగురూ వస్తున్నారు. ఎవరు జారినా, ఎవరి కాలు ఎవరికి తగిలినా ఆమె ఈల ఊది ఆట ఆపేస్తోంది.

"ఏం కాలేదు మేడమ్, ఆడనివ్వండి!" అంటారు పిల్లలు.

మళ్ళీ మొదలెడతారు. మళ్ళీ ఈల. నిన్న అరగంటకే వాళ్ళకు విసుగొచ్చి, సంచులు తగిలించుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.