మా అక్కకు కుదిరిన ప్రశ్న

మా మార్కాపురం తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. పెద్దారవీడు పక్కనున్న మా ఊరికి పట్నం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. మనసుకు వచ్చే జబ్బులను కనిపెట్టే ప్రశ్నలు తెచ్చింది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చారట, పల్లెల్లో పనికొస్తాయో లేదో చూడాలట. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నన్ను ఇళ్లు చూపించమన్నారు. నేను నేరుగా మా అక్క ఇంటికే తీసుకుపోయాను. చంటిబిడ్డ పోయినప్పటి నుంచి అక్క మనిషి మనిషిలా లేదు. ఎవరికైనా చూపించాలని నా ఆరాటం.

ముందు బావ దొరికాడు. గొర్రెలు కాస్తాడు.

"రాత్రిళ్లు మాటిమాటికీ మెలకువ వస్తుందా?"

"రాకుంటే ఎట్లమ్మా? తోడేలు ఊరకుంటదా?"

"మనుషులకు దూరంగా ఉంటారా?"

"ఎండాకాలమంతా నల్లమలలోనే గదా."

"మీ సొత్తు ఎవరో కాజేస్తారని అనుమానమా?"

"అనుమానమేంది! మొన్ననే పొట్టేలును ఎత్తుకపోయినారు."

లెక్క చూస్తే బావకు జబ్బు ముదిరిపోయింది. "మా ఇంటి పిల్లను చేసుకున్న రోజే నాకు అనుమానమొచ్చిందమ్మా," అన్నాను.

తరవాత అక్క. ఆకలేస్తుందా అంటే వేస్తుంది. నిద్ర పడుతుందా అంటే పడుతుంది. దిగులా అంటే లేదు. మా వైపు కాపురం చేసుకునే ఆడది పరాయివాళ్ల ముందు ఆకలి లేదనదు. అలా అంటే మొగుడింట్లో సుఖం లేదని చెప్పినట్టే, పరువు పోయినట్టే. కాగితం ప్రకారం అక్క నిక్షేపంగా ఉంది. డాక్టరమ్మ లేవబోయింది.

"అమ్మా, మా అక్క నన్ను తిట్టి ఒక పంటకాలమైంది," అన్నాను.

బావ నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు, మళ్లీ కూర్చుంది.

"రోజూ తిట్టేదా?"

"పొద్దున లేస్తే నాతోనే మొదలు. ఈ వీధిలో కోళ్లు కూడా మా అక్క గొంతుకే లేచేవి."

ఆమె కాగితాలు పక్కన పెట్టింది. "తమ్ముణ్ణి ఎందుకమ్మా తిట్టడం లేదు?"

అక్క కాలి వేలితో నేల గీకింది. "తిట్టాలన్నా లోపల ఏదో ఒకటి ఉండాల గదమ్మా. నాకాడ ఏమీ లేదు." అంతే, ఏడ్చేసింది. బిడ్డను పూడ్చిననాడు కూడా ఏడవని మనిషి.

బావ తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఈ వారమంతా మార్కాపురం ఆసుపత్రిలో ఉంటాను, తీసుకురండి," అంది డాక్టరమ్మ. తక్కిన ఇళ్లలో ఆమె మొదటి ప్రశ్న మారిపోయింది: రోజూ చేసే పనుల్లో ఈమధ్య ఏది మానేశారు? జనం నిజంగానే ఆలోచించి చెప్పారు.

సాయంత్రం ఆసుపత్రి మాటెత్తితే, "మనమిద్దరం పోతే గొర్రెలను ఎవరు చూస్తారు?" అని అక్క కదల్లేదు.

బావ కట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. "వీడున్నాడు గదా. వీడి కబుర్లు వినే ఓపిక గొర్రెలకే ఉంది."

మరునాడు మందను తోలుకుని రోడ్డు దాటుతుంటే మార్కాపురం బస్సు ఆగింది. ముందు బావ ఎక్కి చేయి అందించాడు. అక్క ఆ చేయి పట్టుకుంది.